పాట మధ్యలో ఆమెన్

మా వార్డులో 'ప్రోగ్రెసివ్' అన్న మాటకు ఒకటే అర్థం. కేస్ షీట్ మీద డాక్టరు ఆ మాట రాశాడంటే ఆ జబ్బు రోజురోజుకూ ముదిరేదే తప్ప తగ్గేది కాదు. అందుకని మా ఆయన మొదటిసారి తాను వాయించేది 'ప్రోగ్రెసివ్ రాక్' అని చెప్పినప్పుడు నాకు నవ్వు ఆగలేదు. ఇన్నేళ్ళ తర్వాత చూస్తే నేను అర్థం చేసుకున్నదే సరైందనిపిస్తోంది. పెళ్ళయిన కొత్తలో వారానికి ఒక గంట వాయించేవాడు. తర్వాత రోజుకో గంట అయింది. ఆ తర్వాత ఆదివారాలు మొత్తం దానికే పోయాయి.

నేను సూర్యాపేటలో ఒక దవాఖానలో స్టాఫ్ నర్సును. ఆయన కోదాడలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చెబుతాడు. పొద్దున ఏడున్నరకల్లా బస్టాండులో ఉండాలి, మళ్ళీ ఇంటికి చేరేసరికి రాత్రి ఏడవుతుంది. ఎండాకాలం వచ్చిందంటే పాఠాలు పక్కనపెట్టి, కాలేజీలో చేరే పిల్లల కోసం చిలుకూరు, నడిగూడెం అంటూ ఊళ్ళు పట్టుకుని తిరగాలి. ఇంటింటికీ వెళ్ళి, వాళ్ళిచ్చిన మంచినీళ్ళు తాగి, రంగుల కాగితాలు పంచి రావాలి. ఇద్దరివీ ఒళ్ళు హూనమయ్యే ఉద్యోగాలే. తేడా ఏమిటంటే ఆయన అలసట గిటారు ఒళ్ళోకి తీసుకుంటే తీరుతుంది. నా అలసట నిద్రపోతే తప్ప తీరదు, ఆ నిద్రకు అడ్డం ఆ గిటారే. నెలలో పది రోజులు నాకు నైట్ డ్యూటీ ఉంటుంది. ఆదివారం పొద్దున ఇంటికొచ్చి కాళ్ళు చాపుకుందామంటే పక్క గదిలోంచి ఒకటే ముక్క, మళ్ళీ మళ్ళీ అదే ముక్క, గోడ దాటి వస్తూనే ఉంటుంది.

ఆ ముక్కలన్నీ ఒకే పాటవి. ఆయనే కట్టాడు, ఆరేళ్ళు పట్టింది. మొత్తం ఇరవై రెండు నిమిషాలు. ఒక్క మాట ఉండదు, అంతా వాద్యాలే. కొంతసేపు అందరికీ తెలిసిన లెక్కలో నడుస్తుంది, కొంతసేపు ఏడు లెక్కల్లో తిరుగుతుంది. "ఇది మన మిశ్రచాపే, కొత్తదేం గాదు" అంటాడు. నాకు మిశ్రచాపు తెలియదు. నాకు తెలిసినవి నాడి లెక్క, సెలైన్ చుక్కల లెక్క. అలా ఏడు దగ్గర తిరగబడే లెక్క ఎవరి నాడిలోనైనా దొరికితే నేను వెంటనే డాక్టరుకు ఫోన్ చేస్తాను.

సరిగ్గా సగంలో, పదకొండో నిమిషం దగ్గర, అంతా ఒక్కసారిగా ఆగిపోతుంది. పదకొండు లెక్కలదాకా ఎవరూ తీగ ముట్టరు, డప్పు తాకరు. పాట అయిపోవడం కాదది, పాటలో భాగమే. ఆ మౌనమంటే ఆయనకు ప్రాణం. అన్నింటికన్నా కష్టపడి కట్టింది దాన్నేనని చెబుతాడు. ఏమీ వాయించని చోట కష్టమేముందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. ఇంట్లో ఆ మౌనం రాగానే నేను గోడ మీద కొట్టి "ఇగ ఆపు" అనేదాన్ని. వాయిస్తుండగా అడ్డు తగలకూడదన్న మర్యాద నాకూ ఉంది, అందుకే ఆ సందు దొరికేదాకా ఓపిక పట్టేదాన్ని. ఆయన ఆపేసేవాడు. ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు. మిగతాది నేను డ్యూటీకి పోయాక వాయించుకునేవాడేమో. అలా ఆ పాట రెండో సగం నేనెప్పుడూ వినలేదు.

వినని దాన్ని నేనొక్కదాన్నే కాదు. ఆయన బృందంలో నలుగురు ఉంటారు: ఈయన, అదే కాలేజీలో లెక్కలు చెప్పే సారు డ్రమ్స్ మీద, ఒక ల్యాబ్ అసిస్టెంటు బేస్ గిటారు మీద, వీళ్ళ దగ్గరే చదివి వెళ్ళిన ఒకమ్మాయి కీబోర్డు మీద. కాలేజీ వార్షికోత్సవంలో మొదలుపెడితే నాలుగో నిమిషంలో పిల్లలు సినిమా పాట కావాలని కేకలేశారు, వెనకనుంచి ఆపమని చీటీ వచ్చింది. మిర్యాలగూడలో మా ఆయన బంధువుల రిసెప్షన్‌లో ఇంకా ఘోరం. ఫంక్షన్ హాల్లో ముందు వరసలో కూర్చున్న మిల్లు యజమాని ఒకాయన, ఈయనకు మామ వరస, ఎనిమిది నిమిషాలు ఓపిగ్గా విన్నాడు. తర్వాత లేచి స్టేజీ దగ్గరికొచ్చి, "ఏందల్లుడూ, సెట్ చేసుడు ఇంకా కాలేదా? టెస్టింగ్ అయితే పాట మొదలువెట్టుండ్రి, పెండ్లిపిల్ల కూడ ఎదురుసూస్తున్నది" అన్నాడు. పాపం, ఆయన ఎగతాళి చెయ్యలేదు. నిజంగానే వైర్లు సరిచేసుకుంటున్నారనుకున్నాడు. మా ఆయన 'అయింది మామా' అని చెప్పి ఏదో పెళ్ళిపాట అందుకున్నాడు. ఆ రోజు నేను ప్లేటులో అన్నం పెట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాను. నాకు నవ్వొచ్చింది, తర్వాత ఆయన మొహం చూసి నవ్వు పోయింది.

ఈ ఏడాది ఫిబ్రవరిలో నేనే చెప్పేశాను. వరసగా నాలుగు నైట్లు చేసి వచ్చి, నిద్ర పట్టక, మంచం మీద లేచి కూర్చుని ఏడ్చాను. ఏ కారణమూ లేదు, ఒట్టి అలసట.

"ఇగ నాతోని కాదు," అన్నాను. "ఆరేండ్ల సంది ఇదే. ఒక్క ఆదివారమన్న ఇంట్ల మనిషి గావాలె నాకు, గిటారు గాదు."

గొడవ పడతాడనుకున్నాను. గొడవకు సిద్ధంగా నాలుగు మాటలు నోట్లో పెట్టుకునే ఉన్నాను. ఆయన "సరే" అన్నాడు. "ఒక్కసారి మొత్తం వాయించనీ. మొదటి సంది ఆఖరిదాంక, నలుగురి ముంగట. తర్వాత ఖతం. సంచిల వెట్టి అటక మీద పడేస్త."

అంత తేలిగ్గా ఒప్పుకునేసరికి నాకు సంతోషం కలగాలి. కలగలేదు. మందులు వద్దని మూతి బిగించే రోగి ఒకరోజు అన్నిటికీ తలూపడం మొదలుపెడితే మాకు భయం వేస్తుంది. ఆ రోజు అలాగే అనిపించింది. కానీ మాట వెనక్కి తీసుకునే ఓపిక కూడా లేక పడుకున్నాను.

చోటు దొరికింది లెక్కల సారు వల్ల. వాళ్ళది మిర్యాలగూడ, చర్చికి వెళ్ళే కుటుంబం. అక్కడ ఒక పాత చర్చి ఉంది, ఎప్పుడో విదేశాల నుంచి వచ్చిన దొరలు సున్నం గచ్చుతో కట్టించింది. పక్కనే కొత్తది కట్టుకున్నాక పాతదాన్ని పిల్లల సండే స్కూలుకూ, స్త్రీల ప్రార్థన కూడికలకూ వాడుతున్నారు. లెక్కల సారు ఇంట్లో ఎవరిదో పెళ్ళికి వెళ్ళినప్పుడు మా ఆయన ఆ పాత చర్చిలోకి ఊరికే నడిచి, మధ్యలో నిలబడి ఒక్క చప్పట కొట్టాడట. ఆ చప్పుడు గోడ గోడకూ తాకి పైకప్పు దాకా వెళ్ళి తిరిగొచ్చిందట. ఇంటికొచ్చి రెండు రోజులు ఆ చప్పట సంగతే చెప్పాడు.

ఆ చర్చి సంఘ పెద్ద ఒప్పుకుంటాడని ఎవరూ అనుకోలేదు. ఆయన రిటైరైన హెడ్మాస్టరు, తెల్ల బట్టల్లో తప్ప కనిపించడు. లెక్కల సారుతో కలిసి మా ఆయన వెళ్ళి అడిగితే మొదటి ప్రశ్న, "పాటల మాటలేందయ్యా?" అని.

"మాటలు లెవ్వు సార్."

ఆయన, "మాటలు లేకుంటే తప్పు మాటలు గూడ ఉండయి" అని ఒప్పుకున్నాడట. షరతులు మాత్రం పెట్టాడు. ప్రార్థనతో మొదలుకావాలి, ప్రార్థనతో ముగియాలి. ఈలలు వద్దు, ఎగరడాలు వద్దు. చెప్పులు బయట విడవాలి. అయిదింటికి స్త్రీల కూడిక ఉంది, ఆలోపు ఖాళీ చెయ్యాలి. సంఘంలోవాళ్ళు వచ్చి వింటారు, ఖాళీ గోడలకు వాయించడం ఎందుకు, అని కూడా అన్నాడట. మా ఆయనకు కావలసింది అదే.

ఈస్టర్ తర్వాత రెండో ఆదివారం అనుకున్నారు. నాకు ఆ వారం నైట్లు. మార్చుకోవడానికి చూశాను, పెళ్ళిళ్ళ కాలం, ఎవరూ దొరకలేదు. ఆదివారం పొద్దున ఎనిమిదింటికి డ్యూటీ దిగి, ఇంటికొచ్చి స్నానం చేసి, రెండు ముద్దలు తిని, పదకొండింటి బస్సెక్కాను. ఆయన ముందు రోజే సామాన్లతో వెళ్ళాడు. ఆధార్ చూపించి ఆడవాళ్ళకిచ్చే ఉచిత జీరో టికెట్ తీసుకున్నాను గానీ కూర్చోవడానికి చోటు లేదు. సగం దారి కడ్డీ పట్టుకుని నిలబడే నిద్రపోయాను. ఎవరో పెద్దామె నా మోచెయ్యి పట్టుకుని, "పడతవ్ బిడ్డా, జర ఇటు కూసో" అని తన పక్కన జరిగి ఇంత జాగా ఇచ్చింది. యాసంగి కోతలు అప్పుడే అయ్యాయి. రోడ్డు మీద సగం మేర ధాన్యం ఆరబోసి ఉంది, బస్సు ఆగుతూ ఆగుతూ నడిచింది. మిర్యాలగూడ దగ్గరకొచ్చేసరికి మిల్లుల ముందు లారీల వరస, గాలిలో ఊక వాసన.

చర్చి గేటు దగ్గర చెప్పులు విడిచి గచ్చు మీద అడుగుపెడితే అరికాళ్ళు చుర్రుమన్నాయి. గెంతుకుంటూ లోపలికి వెళ్ళాను. లోపల మరో లోకం. బయట ఏప్రిల్ ఎండ, లోపల కుండలో నీళ్ళంత చల్లదనం. గోడలు మూడడుగుల మందం ఉంటాయేమో. పైకప్పు ఎంత ఎత్తో, ఫ్యాన్లు పొడుగాటి ఇనుప కడ్డీలకు వేలాడుతూ మెల్లగా తిరుగుతున్నాయి. బలిపీఠం వెనక రంగు అద్దాల కిటికీ ఉంది, దానిలో ఒక అద్దం పోతే ప్లైవుడ్ ముక్క కొట్టారు. మిగతా అద్దాల్లోంచి ఎరుపు, నీలం వెలుగు నేల మీది బండల మీద పడింది. ఈస్టర్‌కు ముందటి మట్టల ఆదివారం నాడు స్తంభాలకు కట్టిన ఈత మట్టలు ఎండిపోయి అలాగే ఉన్నాయి. ఆ ఎరుపు వెలుగులో, మట్టల మధ్య, డ్రమ్స్ ముందు మా ఆయన వంగి వైర్లు కలుపుతున్నాడు. ఇంట్లో లుంగీ మీద చూసే మనిషి అక్కడ వేరేలా కనిపించాడు. బాగున్నాడనిపించింది. ఆ మాట చెప్పడానికి దగ్గరికి వెళ్ళే ఓపిక లేకపోయింది.

"సిస్టర్!"

ఎవరో వెనకనుంచి పిలిచారు. నేను దిగ్గున తిరిగి, "ఆఁ, ఏ బెడ్?" అన్నాను.

పిలిచింది లెక్కల సారు తల్లి. చర్చిలో ఆడవాళ్ళందరినీ సిస్టర్ అనే పిలుచుకుంటారని నాకప్పుడు గుర్తొచ్చింది. ఆమె నా మాటకు తెల్లబోయి, తర్వాత అర్థమై, నా భుజం మీద చెయ్యి వేసి నవ్వింది. "డ్యూటీ దిగి వస్తున్నవా? కండ్లు సూస్తేనే తెలుస్తున్నది. రా, నా పక్కన కూసో." నర్సునని కొడుకు చెప్పాడట. నర్సు అనగానే అందరిలాగే ఆమె కూడా నేను వాళ్ళ మతమే అనుకుంది. కాదని చెబితే, "అయితేనేం బిడ్డా" అంది.

ఆడవాళ్ళు ఎడమవైపు చాపల మీద, మగవాళ్ళు కుడివైపు కుర్చీల్లో. ఒక డెబ్బై మంది ఉంటారు. ఆడవాళ్ళందరూ కొంగు తల మీద కప్పుకున్నారు, నేనూ కప్పుకున్నాను. అలాంటి రాక్ కచేరీ నేనెక్కడా చూడలేదు. నేను చూసింది అదొక్కటే అనుకోండి. జనం చెప్పుల్లేకుండా, తల మీద కొంగుతో, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

నాలుగింటికి సంఘ పెద్ద చిన్న ప్రార్థన చేశాడు. ముందు రెండు చిన్న పాటలు వాయించారు. మొదటిది అయిపోగానే వాళ్ళు చప్పట్ల కోసం ఆగారు. చప్పట్లు రాలేదు. ఒక క్షణం నిశ్శబ్దం, తర్వాత డెబ్బై గొంతులు కలిసి, "ఆమెన్" అన్నాయి.

మా ఆయన గతుక్కుమన్నాడు. లెక్కల సారు మాత్రం అలవాటున్న మనిషి కాబట్టి తల వంచి తానూ ఆమెన్ అన్నాడు. ఆ చర్చిలో పాట అయిపోతే చెప్పేది అదే, చప్పట్లు కొట్టే ఆచారం లేదు. రెండో పాటకూ అంతే. నాకు రెండో పక్కనున్న ఇంకో పెద్దామె నా చెవిలో, "ఇది ఏ కీర్తన బిడ్డా, తెలిసినట్టే ఉన్నది గాని దొరుకతలేదు" అంది.

అప్పుడు పెద్ద పాట మొదలైంది. గిటారు ఒక్కటే, మెల్లగా. నాకు వెంటనే తెలిసిపోయింది, మా గోడలోంచి వచ్చే ముక్క అది. కానీ ఇంట్లో అది చెవిలో జోరీగ. ఇక్కడ ఒక్కో స్వరం పైదాకా వెళ్ళి, తీరుబడిగా దిగి, తర్వాతి స్వరాన్ని కలుసుకుంటోంది. కీబోర్డు వచ్చి చేరింది. తర్వాత బేస్, కింద చాపలోంచి తొడల్లోకి పాకింది. డ్రమ్స్ పడేసరికి నా ప్రాణం ఒక్కసారి లేచి వచ్చింది. రిసెప్షన్ గోలలో నాకు చెవికెక్కలేదు గానీ, ఆరేళ్ళుగా గోడ అవతలినుంచి నేను వింటున్నది ఒక మనిషి మాటల్లో సగమేనని, మిగతా ముగ్గురు జవాబులు చెబుతుంటే గానీ అది మాట కాదని, అప్పుడు తెలిసింది. నాకు సిగ్గేసింది. ఇన్నాళ్ళూ ఒక్కసారైనా కోదాడ వెళ్ళి, నలుగురూ కలిసి సాధన చేస్తుంటే వినొచ్చు కదా అనిపించింది. ఎప్పుడు వెళ్తాను, ఎక్కడుంది తీరిక, అని కూడా వెంటనే అనిపించింది.

ఆ పాటలో ఆగినట్టే ఆగి మళ్ళీ మొదలయ్యే చోట్లు చాలా ఉన్నాయి. గట్టిగా వాయించి టక్కున ఆపుతారు, సగం ఊపిరి తీసుకునేంతలో మళ్ళీ అందుకుంటారు. మొదటిసారి ఆగగానే జనం "ఆమెన్" అన్నారు. ఆ ఆమెన్ మీదే డ్రమ్స్ పడ్డాయి. రెండోసారి ఇంకా గట్టిగా అన్నారు. మూడోసారికి నాకు పొట్ట పట్టుకుని నవ్వాలనిపించింది, ఎందుకంటే కీబోర్డు అమ్మాయి కూడా నవ్వు ఆపుకోలేక తల దించేసుకుంది. మా ఆయన కూడా నవ్వాడు. ఆయన వాయిస్తూ నవ్వడం నేను చూడటం అదే మొదలు. జనానికి లెక్క దొరికిందనుకుంటాను, తర్వాత ఆమెన్‌లు సరిగ్గా సందులో పడటం మొదలుపెట్టాయి.

అలా పదకొండో నిమిషం వచ్చింది. అంతా ఆగిపోయింది.

నాకు ఆ చోటు తెలుసు. ఇంట్లో అయితే గోడ మీద కొట్టే చోటు. నా చెయ్యి ఒళ్ళో కదిలింది కూడా. నేను లెక్కపెట్టుకుంటున్నాను: ఒకటి, రెండు, మూడు. జనం ఆమెన్ అన్నారు. నాలుగు, అయిదు. ఆరో లెక్క దగ్గర సంఘ పెద్ద కుర్చీలోంచి లేచి, కళ్ళు మూసుకుని, రెండు చేతులూ ఎత్తాడు.

"పరిశుద్ధుడవైన తండ్రీ..."

వాళ్ళకు వాద్యం ఆగి ఇంతసేపు నిశ్శబ్దం ఉందంటే అది ప్రార్థన వేళే. నలభై ఏళ్ళుగా ఆ పెద్దాయన అలాంటి నిశ్శబ్దంలో లేస్తున్నాడు. ఆయన తప్పు లేదు. డెబ్బై తలలు ఒకేసారి వంగాయి. లెక్కల సారు డ్రమ్స్ పుల్లలు ఒళ్ళో పెట్టుకుని తల వంచాడు. మా ఆయన తీగల మీద అరచెయ్యి ఆనించి నిలబడిపోయాడు.

ఆ ప్రార్థన పొడుగైనదే. వాయించిన బిడ్డలను బట్టి వందనాలు చెప్పాడు. కల్లాల్లో ధాన్యం ఉంది, చెడగొట్టు వాన రానియ్యకు తండ్రీ అన్నాడు. పరీక్షలు రాసిన పిల్లల కోసం అడిగాడు. ఎవరికో మోకాలి ఆపరేషన్, ఆయన పేరు చెప్పి అడిగాడు. తర్వాత, "రాత్రులు నిద్ర మానుకొని రోగుల కాడ నిలవడ్డ నీ కుమార్తెలను జ్ఞాపకం చేసుకో తండ్రీ. వాండ్ల కండ్లకు నిద్రనియ్యి, వాండ్ల ఇండ్లకు నెమ్మదినియ్యి" అన్నాడు.

లెక్కల సారు తల్లి నా చెయ్యి పట్టుకుంది. తనే ముందుగా ఆయనకు చెప్పి ఉంటుంది. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. పదిహేడేళ్ళ సర్వీసులో నన్ను చాలామంది సిస్టర్ అని పిలిచారు, తిట్టారు, దండం పెట్టారు. నా నిద్ర కోసం ఎవరూ ఎవరినీ అడగలేదు. నేనే అడగాల్సి వచ్చింది, అదీ గోడ మీద కొట్టి.

"ఆమెన్" అని అందరూ కళ్ళు తెరిచారు. అంతే, లేవడం మొదలైంది. ప్రార్థనతో ముగుస్తుందని ముందే చెప్పారు కదా. మగవాళ్ళు కుర్చీలు వెనక్కి జరిపారు, ఇద్దరు ముగ్గురు చెప్పుల కోసం గుమ్మం దాకా వెళ్ళారు. ఆడవాళ్ళు కొంగులు సర్దుకుంటున్నారు.

నేను మా ఆయన వైపు చూశాను. కోపం లేదు ఆయన మొహంలో. బాధ కూడా పైకి కనిపించడం లేదు. రిసెప్షన్‌లో 'అయింది మామా' అన్నప్పటి మొహం అది. లెక్కల సారు ఏదో చెప్పబోతే వద్దన్నట్టు తలూపి, భుజం మీదినుంచి గిటారు పట్టీ తీస్తున్నాడు. ఆయన నావైపు చూడలేదు. ఆపమన్నప్పుడు ఆపడం ఆయనకు అంతగా అలవాటైపోయింది, ఆ అలవాటు చేసింది నేనే.

నేను లేచి నిలబడ్డాను. "ఏయ్, యాడికి పోతున్నరు? కూసోండ్రి! ఇంక అయిపోలే!"

అది నా వార్డు గొంతు. రోగి చుట్టూ మూగిన చుట్టాలను బయటికి తరిమే గొంతు, ఈసారి లోపల కూర్చోబెట్టడానికి వచ్చింది. ఆ చర్చి సంగతి మరిచాను. ఆ కేక గోడలకు తగిలి రెండుసార్లు తిరిగొచ్చింది. గుమ్మం దగ్గరివాళ్ళు ఒక కాలికి చెప్పుతో ఆగిపోయారు. పెద్దాయన కళ్ళద్దాలు సవరించుకుని నావైపు చూశాడు.

"సగమే అయింది సార్," అన్నాను, గొంతు తగ్గించి. "ఇంక సగమున్నది. నాకెరుక."

ఆయన గడియారం చూసుకున్నాడు, బండ మీది ఎర్ర వెలుగు చూశాడు, మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు. "కూసోండ్రయ్యా, ఉన్నదట ఇంకా" అన్నాడు. అందరూ కూర్చున్నారు. మా ఆయన పట్టీ సగం తీసినవాడు అలాగే నన్ను చూస్తున్నాడు. నేను కానియ్యమన్నట్టు చెయ్యి ఊపి కూర్చున్నాను. లెక్కల సారు పుల్లలు రెండూ నాలుగుసార్లు తాటించాడు, అంతే, ఇంతదాకా నేను వినని సగం మొదలైంది.

మొదటి కొంచెం నాకు బాగా గుర్తుంది. కీబోర్డు ఒక్కటే వినిపించింది, ఊయల ఊపినట్టు నెమ్మదిగా. స్తంభానికి వీపు ఆనించాను. చల్లగా ఉంది. డ్రమ్స్ దూరంగా వచ్చాయి. కళ్ళు మూసుకుని వింటే ఇంకా బాగుంటుందనుకున్నాను.

"బిడ్డా, లే. అయిపోయింది."

కళ్ళు తెరిచేసరికి నా తల లెక్కల సారు తల్లి భుజం మీద ఉంది. చర్చి సగం ఖాళీ. స్త్రీల కూడికకు వచ్చినవాళ్ళు గుమ్మాల దగ్గర నిలబడి ఉన్నారు, వాళ్ళూ విన్నారట. ఆఖర్లో పైకప్పు లేచిపోయేలా వాయించారట. అయిపోయాక కాసేపు ఎవరికీ ఏమనాలో తోచలేదట, నిజంగా అయిపోయిందో లేదో తెలియక. పెద్దాయనే లేచి చప్పట్లు కొట్టాడట, తర్వాత అందరూ కొట్టారట. ఆమె చెప్పుకుపోతోంది. నాకు ఏడుపొచ్చేంత కోపం వచ్చింది నా మీద. అందరినీ కూర్చోబెట్టి నేను పడుకున్నాను.

సామాన్లు ఆటోలో వేసి పంపాక ఇద్దరం బస్టాండు దాకా నడిచాం. ఎండ తగ్గింది. ఆయన చొక్కా మొత్తం తడిసిపోయి ఉంది, గిటారు సంచి భుజాన ఉంది, నడకలో తేలికతనం ఉంది. టీ కొట్టు దగ్గర నిలబడ్డాం.

"ఎట్లున్నది?" అన్నాడు. నావైపు చూడకుండా, గ్లాసులోకి చూస్తూ అడిగాడు. "ఆఖర్న."

బాగుంది అనడం నాకు చిటికెలో పని. రోజుకు పదిమందికి తగ్గిపోతుందని చెప్పే నోరిది. కానీ ఆ మొహం చూసి చెప్పలేకపోయాను.

"నిద్రవోయిన," అన్నాను.

ఆయన గ్లాసు కిందపెట్టాడు. "అంత సప్పుడుల?"

"ఆ సప్పుడులనే. కీబోర్డు తర్వాత నాకేం తెల్వదు."

పెద్దగా నవ్వేశాడు. టీ కొట్టువాడు కూడా తిరిగి చూశాడు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు, "పోనీతీ. మొత్తం వాయించినం గదా. ఇగ అయిపోయింది. నీకిచ్చిన మాట మాటే, రేపే అటక మీద వెడత."

"నీకు అయిపోయింది," అన్నాను. "నాకు యాడ అయిపోయింది? మళ్ళ ఎప్పుడు వాయిస్తరో సెప్పు. డే డ్యూటీ ఏయించుకుంట."